బావకిచ్చిన కడియం

గొర్లె తవిటినాయుడు చెమట పట్టే మనిషి. మామూలు చెమట కాదు. పలాస అవతల సెల్ టవరెక్కి అతను బోల్టులు బిగిస్తుంటే కింద నిలబడ్డవాళ్ళు గొడుగులు తెరిచేవారని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. నమ్మకపోతే పోనివ్వండి. రెండో ముక్క మాత్రం నమ్మి తీరాలి, ఎందుకంటే కథంతా దానిమీదే నిలబడింది. ఒకనాడు టవర్ చెడి ఊళ్ళో ఫోన్లన్నీ మూగబోయాయి. మనవాడు పైకెక్కాడు. తెగిన తీగ ఒక కొస ఎడమచేత్తో, రెండో కొస కుడిచేత్తో పట్టుకుని, స్క్రూడ్రైవరు నోట కరుచుకుని ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాడు. కింద ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. తీగ వదిలాడు, ఆగిపోయాయి. పట్టుకున్నాడు, మోగాయి. ఉప్పునీళ్ళతో నిండిన తన ఒళ్ళే సిగ్నల్ మోస్తోందని తెలిసి, చుట్టపొగ పీల్చుకునేంత సేపు అక్కడే వేలాడుతూ నవ్వుకున్నాడు.

ఈ ముచ్చట విని ఊరంతా నవ్వింది. హైదరాబాదులో కంపెనీ పెద్ద విజయసారథి గారి చెవిన కూడా పడింది. ఆయన నవ్వలేదు. తవిటినాయుడిని విమానమెక్కించారు.

దిగింది పశ్చిమాఫ్రికాలో, పేరు చెబితే మనకి నోరు తిరగని ఒక దేశంలో. అక్కడ ఊరూరికీ ఇంటర్నెట్ ఇస్తామని కంపెనీ మాటిచ్చింది. ఇనప టవర్లు కట్టి చూశారు. వాటికి పొయ్యవలసిన డీజిలు దారిలోనే ఆవిరయ్యేది. ఎడారి మీంచి వచ్చే దుమ్ముగాలి సోలార్ పలకల మీద మట్టి పూత పూసేది. కొన్ని పలకలు ఇళ్ళకి కప్పులయ్యాయి. మన వైపు మాత్రం కాలేదా ఏమిటి? అందుకని ఓడరేవు పట్నంలో రేకుల షెడ్డు వేసి, అందులో ప్రయోగశాల పెట్టి, తవిటినాయుడి ఒళ్ళు చూసి నేర్చుకున్న విద్యతో సారథి గారు ఒక కడియం చేయించారు. మనిషి తొడుక్కుంటే చాలు. కడియం వేడిని ఒంటిలోంచే తీసుకుంటుంది, ఒంట్లో ఉప్పునీటి మీదుగా సిగ్నల్ మోస్తుంది, కంటికి అందే దూరంలో ఉన్న ఇంకో కడియానికి అందిస్తుంది. డీజిలక్కర్లేదు, ఇనుమక్కర్లేదు. మనుషులెక్కడుంటే అక్కడ టవరున్నట్టే.

ముందు మేకల మీద చూశారు. ఒక మేక చేతికి, అంటే ముంగాలికి, తొడిగి, తాళంచెవి పెట్టకుండా కడియాన్ని కటింగ్ ప్లయరుతో కోశారు. మేక నిలబడ్డది నిలబడ్డట్టే పోయింది. ఇంకో మేక తాడు తెంపుకుని దూరంగా పారిపోయింది. పక్క కడియం అందక, దాన్ని వెతకడానికి కడియం మరింత వేడి లాగింది. మండుటెండలో ఆ మేక దొరికేసరికి బావి గట్టు రాయిలా చల్లగా ఉంది. తవిటినాయుడే భుజాన వేసుకొచ్చాడు. ఆ చల్లదనం భుజానికి చాలాసేపు అంటుకునుంది.

"మేకలు వేరు, మనుషులు వేరు," అన్నారు సారథి గారు. "మనిషి తిండి తింటాడు, వేడి మళ్ళీ వస్తుంది. దగ్గర్లో ఇంకో కడియం ఉంటే చాలు."

"మేకలూ తింతాయి గద సార్," అన్నాడు తవిటినాయుడు, నవ్వులాటగా.

సారథి గారు నవ్వలేదు.

* * *

కడియాలు ఊరి నుంచి ఊరికి పాకాయి. ఒక్కచోట ఆగిపోయాయి. ఇటు లోయ, అటు లోయ, మధ్యలో ఎర్రకొండ. అటు నలభై ఊళ్ళు. రెండు లోయలూ కనపడేది ఆ కొండ నెత్తి మీంచే. అక్కడుండేది ఒకే కాపురం. సాంబో అనే ఫులానీ ముసలివాడు, అతని కూతురు కుంబో, ముళ్ళకంచెలో ఆవులు. ఫులానీలు పశువుల వెంట తిరిగే జనం. వానలకి ఉత్తరం, ఎండలకి దక్షిణం. పుట్టడం నడకలో, పోవడం నడకలో.

తవిటినాయుడు సంచి వీపున వేసుకుని కొండెక్కాడు. సాంబో వెదురుబద్దల టోపీ వెనక్కి తోసి, భుజాల మీద అడ్డంగా పెట్టుకున్న కర్ర దించకుండానే అడిగాడు.

"సంచిలో గలగలమంటున్నదేమిటి?"

"ఇనప సామాను."

"ఇనుము ముట్టేవాడివా? అయితే కమ్మరివి." ముసలివాడి మొహం పొద్దుపొడుపయింది. "ఒసే కుంబో! మసిమూతి బావ వచ్చాడు, పాలు దాచెయ్!"

వాళ్ళు మాట్లాడుకున్నది కాస్త ఫ్రెంచి, కాస్త ఫులానీ, మిగతాదంతా చేతులతో. మన వరసలోకి తెస్తే ఇలాగే ఉంటుంది. తవిటినాయుడు తెల్లబోతే, బళ్ళో చదువుకున్న కుంబో పాలచిప్ప అందిస్తూ విడమరిచింది. ఫులానీలకీ కమ్మరులకీ తాతల నాటి నుంచి మేనబావల వరస. ఒకరినొకరు ఎంత మాటన్నా కోపం రాకూడదు. వచ్చిందా, వరస తెగినట్టే. బావ నవ్వుతూ ఏదడిగినా కాదనకూడదు.

తవిటినాయుడికి ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ ఊళ్ళో బావమరుదుల దగ్గర పుట్టి పెరిగిన విద్యే గదా ఇది!

"పాలు దాసీమని సెప్పకు పేడకంపు బావా. నీ ఆవు పాలు తాగితే మా ఊర్ల పిల్లులు ఏడుస్తాయి."

సాంబో నేల మీద చతికిలబడి నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

అదను చూసి తవిటినాయుడు సంచిలోంచి కడియం తీశాడు. "ఒకటి అడుగుతాను. వానలు వెలిసే వరకు నా గాజు తొడుక్కుని ఈ కొండ మీద కూకో."

"మగవాడికి గాజులా! నీ పెళ్ళానికి తొడగలేక నాకు తెచ్చావా?" అంటూనే ముసలివాడు చెయ్యి చాచాడు. బావ అడిగాడు మరి. కడియం టిక్కుమంది. ఒక్కొక్క కడియానికి ఒక్కటే తాళం. దాన్ని తవిటినాయుడు మొలతాడుకి కట్టుకున్నాడు.

ఆ సాయంత్రానికే అవతలి లోయలో ఊరూరా ఫోన్లు మోగాయి.

* * *

తవిటినాయుడు కొండ కింద ఊళ్ళో మకాం పెట్టాడు. అక్కణ్ణుంచి భార్య తులసమ్మతో రోజూ మాట్లాడేవాడు. ఆమె మేనమామ కూతురే, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. ఆ దేశంలో కాసిన జీడిగింజలు ఓడలో వచ్చి ఆమె చేతిలోనే పగిలేవి.

"నువ్వున్న దేశం గింజలు మొండివి బావా. జీడి తగిలి నా ఏళ్ళు నల్లబడిపోనాయి."

"మొండివి కావే, నన్నొగ్గీసి వచ్చినందుకు ఏడస్తన్నాయి."

తులసమ్మ నవ్వేది. ఆ నవ్వు పలాస నుంచి ఎక్కడెక్కడో తిరిగి, చివరికి సాంబో ఒంటి మీదుగా దిగి, ఇతని చెవిలో పడేది. మర్నాడు పాలకోసం పైకెళ్తే ముసలివాడు కన్నుగీటేవాడు.

"నిన్న నీ పెళ్ళాం నవ్వింది గదూ? నా ఎముకలోంచే పోయింది. మోచేతి దగ్గర లేగదూడ గెంతినట్టుంటుంది."

"నా పెళ్ళాం నవ్వు నీకెందుకురా ముసిలోడా!"

"నువ్వే పంపావు గదరా మసిమూతీ!"

వానలు వచ్చాయి, వెళ్ళాయి. తవిటినాయుడు కడియం తియ్యలేదు. గడ్డి ఎండింది. ఆవుల పక్కటెముకలు దూరం నుంచే కనపడుతున్నాయి. ఫులానీలంతా మందలు కట్టి దక్షిణానికి బయల్దేరారు.

"తాళం తియ్యి బావా," అన్నాడు సాంబో. "నా ఆవులు నన్ను తిడుతున్నాయి."

తవిటినాయుడు మొలతాడు తాళం తీసి గాలిలో ఊపాడు. "నువ్వెలిపోతే నలభై ఊళ్ళు సీకటైపోతాయి. మంత్రిగారొచ్చి మొదలెట్టే పండగొకటి ఉంది. అదవనీ. ఆవులు ఆగవా? నీ కన్నా తెలివైనవి, ఆగుతాయి."

బావ అడిగాడు. సాంబో ఆగాడు. ఎర్రావు దూడ ఒకటి తప్పిపోతే వెతకడానికి కొండ వెనక వాలులోకి దిగాడు ఒకసారి. కింది కడియాలకి కనపడని చోటు అది. తిరిగొచ్చేసరికి పళ్ళు టకటకలాడుతున్నాయి. మండు వేసవి.

"నీ గాజు నన్ను జుర్రుకుంటోంది బావా," అన్నాడు పళ్ళ మధ్య నుంచి, నవ్వుతూనే. "పాలచిప్ప పట్టుకుంటే పాలు పేరుకుంటున్నాయి. వేళ్ళు నావి కావు, ఎవరో చచ్చినవాడివి తెచ్చి అతికించావు."

తవిటినాయుడికి భుజం మీద మేక గుర్తొచ్చింది. ఒక్క క్షణమే. ముసలివాడు నవ్వుతున్నాడు గదా.

"అయితే ఐసు కొట్టు పెట్టీ. ఎండాకాలం బేరాలు బాగుంతాయి."

సాంబో నవ్వాడు. వాళ్ళిద్దరి మధ్యా నవ్వకుండా ఒక మాట చెప్పుకునే దారి లేదు. ఉన్న ఒక్క దారీ తనకి అనుకూలంగా ఉంది గనక తవిటినాయుడు ఇంకోటి వెతకలేదు.

కుంబో ఒకసారి వెతికింది. పాలచిప్ప కింద పెట్టి, మొహంలో నవ్వు లేకుండా, "మావా, నాన్న రాత్రంతా వణుకుతున్నాడు. కప్పిన దుప్పటి కూడా చల్లబడిపోతోంది," అంది.

"మీ నాన్నకి పెళ్ళాం కావాలే. సూడనా?"

వరస వరసే. కుంబో నవ్వవలసి వచ్చింది. నవ్వి, చిప్ప తీసుకుని లోపలికి పోయింది. ఆ తరువాత మళ్ళీ చెప్పలేదు.

* * *

పండగ రోజు పొద్దున్నే సారథి గారి ఫోను.

"తవిటీ! ప్రయోగశాలలో అందరం తెర ముందే ఉన్నాం. ఎర్రకొండ లింకు ఇవాళ అద్దంలా ఉందయ్యా! ఇన్నాళ్ళూ ఏదో ఒక వణుకు ఉండేది. ఏం చేశావ్?"

తనేం చెయ్యలేదు. ముసలివాణ్ణి మెచ్చుకుని, నాలుగు తిట్టి వద్దామని కొండెక్కాడు.

గుడిసె ముందు జనం. ముసలివాడికి బాగాలేదని కబురంది, దక్షిణానికి పోయిన చుట్టాలు కొందరు ముందే తిరిగొచ్చారు. చుట్టాల మందలతో వెళ్ళి వచ్చిన కుంబో మొగుడు మిగిలిన ఆవుల్ని కంచెలోంచి వదులుతున్నాడు. చాప మీద సాంబో, గడ్డం దాకా తెల్లగుడ్డ. తెల్లవారుజామున పోయాడు. చచ్చినవాడు కదలడు, వణకడు. అందుకే లింకు అద్దంలా ఉంది. ఎండ పైకొచ్చేకొద్దీ ఒళ్ళు వేడెక్కుతోంది. కడియానికి ఆ వేడైనా ఒకటే, ఈ వేడైనా ఒకటే.

"తాళం ఇయ్యి మావా," అంది కుంబో. "స్నానం చేయించాలి. పొద్దు గుంకేలోగా పూడ్చాలి, మా ఆచారం."

తవిటినాయుడు పక్కకి వెళ్ళి ఫోను చేశాడు. "సార్, ముసిలోడు పోనాడు."

"పోయినా పనిచేస్తోందా?"

"సార్..."

"సాయంత్రం మంత్రిగారు నలభై ఊళ్ళతో ఒకేసారి మాట్లాడతారు. ఆ లింకు తెగితే కడియాలన్నీ మూట కట్టుకుని ఇంటికి పోవడమే. నువ్వు కూడా. ఏం చేస్తావో నాకు తెలీదు. తియ్యనివ్వకు."

ఏం చెయ్యాలో తవిటినాయుడికి తెలుసు. అదే అన్యాయం. ఆ దేశంలో ఒక ఆచారముంది, సాంబోయే ఒకప్పుడు పొట్ట పట్టుకుని చెప్పాడు. ఫులానీ చస్తే కమ్మరి బావ వచ్చి గోతిలో పడుకోవచ్చు. 'నేను లేవను, వీణ్ణి పూడ్చనివ్వను' అని అల్లరి పెట్టొచ్చు. ఏడ్చేవాళ్ళని నవ్వించడానికి పెద్దలు పెట్టిన ఆచారం. అడిగింది ఇచ్చేదాకా బావని లేపకూడదు.

మగవాళ్ళు గొయ్యి తవ్వి పారలు పక్కన పెడుతున్నారు. తవిటినాయుడు పరుగున వెళ్ళి అందులో దూకి, వెల్లకిలా పడుకున్నాడు.

"ఇది నా మంచం! ఈ పేడకంపు ముసిలోడికి ఇయ్యను!"

అరక్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత ఒక ముసలాయన కిసుక్కుమన్నాడు. కమ్మరి బావరా అని ఒకడు అరిచాడు. కొండ నెత్తినంతా నవ్వు. కుంబో కూడా, కన్నీళ్ళు కారుతుండగానే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పరాయి దేశం మనిషి, వరస మరిచిపోలేదు!

"ఏం కావాలి మావా? కోడిపెట్టా, మేకపిల్లా?"

"గడువు కావాలి. పొద్దు గుంకే వరకు ఆ గాజు ముట్టుకోవద్దు."

ఇచ్చారు. కాదనే వీల్లేదు.

పొద్దు వాలింది. దుమ్ముగాలి లేచి మంత్రిగారి విమానం పట్నంలోనే ఆగిపోయింది. సభ మర్నాటికి వెళ్ళింది. సారథి గారు, "ఇంకొక్క పూట తవిటీ," అన్నారు. తవిటినాయుడు గోతిలోంచి లేవలేదు.

"లే మావా," అంది కుంబో గట్టు మీద నిలబడి. "నవ్వు అయిపోయింది."

"కోపం పనికిరాదే కోడలా. వరస తెగిపోద్ది."

కుంబో మొహం రాయయింది. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే తెగేది తండ్రి ఎంతో ముచ్చటపడి కలుపుకున్న వరస. వెళ్ళి చాప పక్కన కూర్చుని విసనకర్ర అందుకుంది. మర్నాడు ఎండెక్కాక కూడా ఆమె విసురుతూనే ఉంది. ఈగలు చెయ్యాడినంతసేపు లేచి, ఆడనప్పుడు వాలాయి. వాసన గోతిదాకా వచ్చింది. చుట్టాలు ముక్కులకి గుడ్డలు కట్టుకున్నారు, ఎవరూ నవ్వలేదు. కొండ కింద ఊళ్ళో మాత్రం పెద్ద తెర కట్టి, మంత్రిగారు వచ్చేలోగా సినిమా పాటలు వేశారు. పిల్లలు గంతులేస్తున్నారు. ఆ పాటలన్నీ సాంబో మీదుగానే వెళ్ళాయి, ఒక్క అక్షరం తొణక్కుండా.

చివరికి మంత్రిగారు మాట్లాడారు. "ఈ దేశంలో ఇవాళ్టితో దూరం చచ్చిపోయింది," అన్నారు. లోయలో చప్పట్లు.

తవిటినాయుడు గోతిలోంచి లేచి, ఒంటి మట్టి దులుపుకుని, మొలతాడు తాళం విప్పి కుంబో చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళలోకి చూడలేక, అప్పుడే మోగిన ఫోను పట్టుకుని గుడిసె వెనక్కి నడిచాడు.

"అద్భుతం తవిటీ!" సారథి గారి గొంతు పొంగిపోతోంది. "బతికున్నవాళ్ళని బతిమాలుకోనక్కర్లేదు. ఊరూరికీ శ్మశానం ఉంటుంది గదా! పూడ్చకుండా పైన పెట్టుకోవడమెలాగో చూడాలి."

తవిటినాయుడు అలవాటుకొద్దీ నవ్వాడు. అవతల నవ్వు వినపడలేదు. ఆయన వేళాకోళమాడే మనిషి కాదని అప్పుడు గుర్తొచ్చింది.

తిరిగొచ్చేసరికి పూడ్చడం అయిపోయింది. ప్రార్థన అయిపోయింది. కుంబో మొగుడు మందని తోలుకుని కొండ వెనక దక్షిణపు వాలు దిగిపోయాడు, దుమ్ము మాత్రం కనపడుతోంది. చుట్టాలంతా నిలబడి ఉన్నారు. కుంబో ఎదురొచ్చింది. మొహం నిండా నవ్వు.

"ఆగు మావా. గోతిలో పడుకున్న బావకి పోయినవాడి వస్తువొకటి ఇచ్చి పంపాలి. నువ్వడిగిన గడువు మీ కంపెనీకి. నీకు ఇవ్వవలసింది ఇంకా ఇవ్వలేదు."

"నాకేటొద్దే తల్లీ."

"వద్దంటే వరస తెగిపోదూ? మా నాన్నకి ఏముంది చెప్పు. ఆవులు నావి. కర్ర నా మొగుడు తీసుకున్నాడు. మిగిలింది ఇదొక్కటే."

చెయ్యి పట్టుకుంది. టిక్కుమంది.

ముందు ఆ ముసలాయన కిసుక్కుమన్నాడు. తరువాత అందరూ నవ్వారు, రెండు రోజులుగా గొంతులో పట్టి ఉంచిన నవ్వు. తవిటినాయుడూ నవ్వాడు. నవ్వుతూనే మణికట్టు చుట్టూ చలి ఎక్కడం తెలిసింది.

"బాగుందే. తాళమియ్యి ఇంక."

"ఎర్రావు మెడలో కట్టాను. తాళం నీదే మావా, ఎవరూ కాదనరు. మంద వెంట నడిచి రా, తీసుకో. మా నాన్నకీ దాని వెంట నడవాలనే ఉండేది."

ఆమె కర్రా మూటా అందుకుని వాలు దిగింది. చుట్టాలు ఆమె వెనక దిగారు. తవిటినాయుడు పరుగెత్తాడు. కొండ వెనక వాలులో ముళ్ళచెట్లు దాటాడో లేదో, ఒంట్లోంచి ఎవరో చేదవేసి తోడుతున్నట్టయింది. కాళ్ళు మొద్దుబారాయి. ఇంకాస్త దూరంలో ఎర్రావు మెడలో ఏదో మెరుస్తోంది. ఇంకో నాలుగడుగులు వేసి, బోర్లా పడి, పాక్కుంటూ వెనక్కొచ్చాడు. ఒంటినిండా చెమట, ముట్టుకుంటే మంచు.

"రెండో తాళం చేయిద్దాం," అన్నారు సారథి గారు ఫోనులో. "కాస్త టైము పడుతుంది. ఈలోగా అక్కడే ఉండు. లింకు బాగుంది."

"సార్, ఇది మనిషిని తాగేస్తంది. ఆ మేక..."

"నీ జోకులు భలే ఉంటాయి తవిటీ," అని ఆయన నవ్వారు. జీవితంలో మొదటిసారి.

తవిటినాయుడు ఇప్పుడు సాంబో గుడిసెలోనే ఉంటున్నాడు. కింది ఊరివాళ్ళు జొన్నపిండి తెచ్చిపెడతారు, కదలొద్దని చెప్పి పోతారు. తులసమ్మ రోజూ ఫోను చేస్తుంది.

"ఎప్పుడొస్తావు బావా?"

"రాలేనే. నన్నిక్కడ గుంజకి కట్టీసినారు. ఏళ్ళు సల్లబడిపోతన్నాయి తులసీ, నిజిం. నీళ్ళచెంబు పట్టుకుంటే గడ్డకడతంది."

"అయితే ఐసు కొట్టు పెట్టీ బావా!" అంది తులసమ్మ, పకపకా నవ్వింది. "నీ ఏళాకోళం సచ్చినా పోదు."

నవ్వు బయల్దేరింది. భుజం దగ్గర తెలిసింది, దిగింది, మోచేతి దగ్గర ఒక్కసారి గెంతింది. అచ్చం లేగదూడే. సాంబో చెప్పినవేవీ వేళాకోళానికి చెప్పలేదు.